రెండొందల నలభై ఆరు బై తొమ్మిది

అతను మంచివాడని ఈ మధ్య మా వీధిలో అందరూ అంటున్నారు. పాపం మంచోడు, ఎవరి జోలికీ పోయేవాడు కాదు, కాస్త మొక్కల పిచ్చి తప్ప ఏ దోషమూ లేదు అంటున్నారు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. అతను అందరి జోలికీ పోయేవాడు. గోడ మీంచి గంజి పారబోసిన ఆడవాళ్ళని పేరు పెట్టి తిట్టేవాడు. మేకల్ని తోలుకొచ్చినవాణ్ణి వీధి చివరిదాకా తరిమేవాడు. మా వంశంలో ఎవరూ పడని మాట నన్ను నా ముఖం మీదే అన్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని మంచోడంటే నాకు ఒళ్ళు మండుతుంది. బతికుండగా అతని పెరటివైపు తొంగి చూడనివాళ్ళు, పోయాక అతన్ని ఇలా చదును చేసి మెత్తటి మనిషిని చేస్తుంటే వినలేక ఇది రాస్తున్నాను.

జంషెడ్‌పూర్ భాలుబాసాలో మా రెండు గదుల ఇంటికీ అతని ఇంటికీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. అతను రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరయ్యాడు. కీమేన్ అంటే, రోజూ పొద్దున్నే భుజాన సుత్తి, సంచిలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని, తనకి అప్పగించిన ఏడు కిలోమీటర్ల లైను వెంట నడిచేవాడు. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే ఇనప కీలు ఎక్కడైనా వదులైతే కొట్టి బిగించడం అతని పని. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండోది. ముప్పై ఏళ్ళు అదే దారి. రిటైరయినా ఆ నడక అతన్ని వదల్లేదు. మా సందులోనైనా, సాక్చి బజార్లోనైనా స్లీపరు మీంచి స్లీపరు మీదికి వేసినట్టు పొట్టి అడుగులే వేసేవాడు. తల ఎప్పుడూ కిందికే. ఎదురొచ్చిన మనుషులు అతనికి కనబడేవారు కాదు, వాళ్ళ కాళ్ళ కింద ఏ మొలక ఉందో కనబడేది.

ఇంకో అలవాటు. కనబడిన ప్రతిదాన్నీ వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టేవాడు. నీళ్ళ డ్రమ్ము, గుమ్మడికాయ, పూలకుండీ, కరెంటు స్తంభం. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను కూర్చున్న టేకు కుర్చీ కాలు మీద కొట్టాడు. మా తాతల జమీందారీ దివాణం నుంచి మాకు మిగిలిన ఒకే ఒక్క సామాను అది. "లూజుంది బావూ" అన్నాడు. నేను దాని మీద కూర్చుని ఉండగానే అన్నాడు. నిజంగానే లూజుంది, అది వేరే సంగతి.

బావూ అనేది శ్రీకాకుళం వైపు పెద్ద ఇళ్ళవాళ్ళని పిలిచే పిలుపు. ఆ రోజు నా ఇంటిపేరు వినగానే చేతిలోని తట్ట కింద పెట్టాడు.

"అయితే మీరు దివాణపోలా?"

"అవును."

"మా అయ్య మీ గుర్రాలకి గడ్డి కోసినోడు బావూ."

మర్యాదకి అన్నాడో, గుర్తుచేయడానికి అన్నాడో అప్పుడు నాకు తెలియలేదు. మర్యాదకే అనుకున్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. అయినా నేను అతన్ని నువ్వు అన్నాను, అతను నన్ను మీరు అన్నాడు. ఒక కాంట్రాక్టరు గోడౌన్లో ముప్పై ఏళ్ళు స్టోర్సు గుమాస్తాగా పనిచేసిన నేనూ, పట్టాల మీద సుత్తి కొట్టిన అతనూ జంషెడ్‌పూర్‌లో ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ అలా పిలుచుకోవడంలో మా ఇద్దరికీ వింతేమీ కనబడలేదు.

అతని పెరడు రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత. అందులో బంతి లేదు, చామంతి లేదు, మందారం లేదు. "అవి పిలిస్తే వచ్చీసీవి బావూ. పిలిచినా రానివి కావాల నాకు" అనేవాడు. పిలిచినా రానివన్నీ లైను పక్కన ఉన్నాయి. ఎర్ర గరప నేలలో, కంకర సందుల్లో, ఎవరూ నీళ్ళు పొయ్యని చోట వాటంతట అవే పూస్తాయి. పెరట్లోకి తెచ్చి నీడ ఇచ్చి, నీళ్ళిచ్చి, ఎరువు వేస్తే చస్తాయి. సైకిల్ క్యారియర్ మీద సిమెంటు సంచిలో గరప మట్టి నింపుకుని, జుగ్సలాయి గోడౌన్ల మధ్య లారీలని తిట్టుకుంటూ తొక్కుకొచ్చేవాడు. మంచి మట్టిని తవ్వి బయట పారేసి, ఆ పనికిరాని మట్టిని పోసేవాడు. వీధి వీధంతా నవ్వేది. నేనూ నవ్వాను.

మొక్కలకి అతని దగ్గర పేర్లుండేవి కావు. లైను పక్కన ప్రతి స్తంభం మీదా కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం అంకె రాసి ఉంటాయి. ఏ మొక్కని ఏ స్తంభం దగ్గర మొదట చూశాడో అదే దాని పేరు. వినాయకచవితికి పత్రి వెతుక్కుంటూ ఎవరైనా వచ్చి విష్ణుక్రాంత ఉందా అంటే, "ఏటి, రెండొందల నలబయ్యొకటి బై మూడా?" అని అడిగి, ఒక్క ఆకు, ఒకే ఒక్క ఆకు తుంపి చేతిలో పెట్టేవాడు.

పెద్ద బంగళాల వైపు నుంచి ఒకసారి పూలతోటల సంఘం ఆవిడ ఒకరు కారులో వచ్చారు. తెలుగావిడే. అతని విష్ణుక్రాంత నేలకి పరుచుకుని నీలంగా పూసి ఉంది.

"తాతగారూ, దీని బొటానికల్ నేమ్ ఎవాల్వులస్. తెలుసా మీకు?"

"ఎవులు పెట్టినారమ్మా ఆ పేరు?"

"సైంటిస్టులు."

"ఆలు దీన్ని ఎక్కడ సూసినారో?"

ఆవిడ నవ్వారు. ఒక మొక్క ఇమ్మన్నారు.

"ఏ మట్టిలో ఏత్తారు?"

"మా మాలీ వర్మీ కంపోస్టు కలిపి పెడతాడు. చాలా జాగ్రత్తగా చూసుకుంటాం."

"అయితే ఇవ్వనమ్మా. తిండెక్కువైతే సచ్చే జాతి ఇది. మీ కాడ ఉపాసం ఉండనేదు."

కారు వెళ్ళిపోయాక గోడ మీంచి నేనే అన్నాను, అంత మర్యాదస్తురాలితో అలా మాట్లాడొచ్చా అని. "మరియాదగానే సెప్పినాను బావూ. మొక్క మరియాద సెప్పినాను" అన్నాడు.

ముప్పై ఏళ్ళు పట్టాల మధ్య గడ్డీ గాదమూ పీకించే డ్యూటీలో ఉన్నవాడు, ఇప్పుడు అవే తెచ్చి పెంచుతున్నాడేమిటని ఒకసారి అడిగాను. పాపం కడుక్కుంటున్నావా అన్నాను. కోపం వచ్చింది అతనికి.

"ఏటి పాపం? లైన్లో మొలిత్తే పీకాల, రూలది. ఇక్కడ లైను నేదు కదా? ఇక్కడెందుకు పీకాల?"

ఇన్ని మొక్కల్లో ఒకదాని కోసమే అతను నిజంగా ప్రాణం పెట్టాడు. దాని పేరు రెండొందల నలభై ఆరు బై తొమ్మిది. మోకాలెత్తు మొక్క. ఆకులు దారాల్లా సన్నగా ఉంటాయి. భాద్రపదంలో కొమ్మ కొమ్మకీ గంటల్లాంటి పువ్వులు, ఊదా కాదు, గులాబీ కాదు, రెండిటికీ మధ్య రంగు. నిటారుగా నిలబడుతుంది. గాలికి గడ్డి వంగుతుంది కానీ అది వంగదు. ఒకసారి ఒక ఎండిన కాయ తెచ్చి అరచేతిలో నలిపి చూపించాడు. విత్తనాలు నశ్యంపొడిలా ఉన్నాయి. దగ్గరగా ఊపిరి వదలద్దని నా మూతికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ కాడ కొత్త లైను ఏత్తారంట బావూ. గట్టు ఎడల్పు సేత్తారు. ఒచ్చే ఏడో ఆపై ఏడో మట్టి పోసీత్తారు దాని మీద. ఈలోగా దీన్ని ఇంటికాడ నిలబెట్టీయాల."

"దీనికోసం ఇంత హడావిడి దేనికి? ఊరి పక్క దల్మా కొండల మీద దొరక్కపోదు."

"ఉండొచ్చు. నాను సూణ్నేదు. నాను సూసిన ఏడు కిలోమీటర్లలో ఆ ఒక్క స్తంబం కాడే ఉన్నాది. నాను సూసినోటి కోసరం మాటాడుతున్నాను."

మూడేళ్ళు ప్రయత్నించాడు. కుండీలో చల్లాడు, ఇసకలో చల్లాడు, గరపలో చల్లాడు, కంకరలో చల్లాడు. తొలకరికి మొలకలు వచ్చేవి. వేలెడు ఎత్తు లేచి, ఆకులు ఎర్రబడి, ఒక్కొక్కటే తల వాల్చేసేవి. అప్పుడు అతన్ని ఎవరూ పలకరించకూడదు. పెరట్లో గొంతుక్కూర్చుని కుండీలని వేలితో కొడుతూ, "ఏటి కావాలే నీకు? నోరెట్టి సెప్పవే!" అని మొక్కల మీద అరిచేవాడు. పాదుల్లో కలుపు లేకుండా అద్దంలా ఉంచేవాడు. ఆ శుభ్రమే వాటిని చంపుతోందని అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

నాలుగో ఏడు విసుగెత్తి, మిగిలిన మట్టంతా పెరటి మూల కాలవ పక్కన గుమ్మరించాడు. అక్కడ నిండా గడ్డి. శ్రావణంలో చూస్తే ఆ గడ్డి మధ్యలోంచి ఒక్క మొక్క లేచి ఉంది. వారం గడిచింది, చావలేదు. రెండు వారాలు. మొగ్గ తొడిగింది. ఒక ముసలివాడు అలా గంతులు వేయడం నేను ముందెన్నడూ చూడలేదు. నన్ను గోడ దాటించి తీసుకెళ్ళాడు. మొక్క మీద మాత్రం వేలు వెయ్యలేదు, దాని పక్కన నేల మీద రెండు దెబ్బలు కొట్టి, "టైటుగా ఉన్నాది బావూ" అన్నాడు.

సరిగ్గా ఆ సమయానికే అతనికి కంటి ఆపరేషన్ పడింది. కోడలి పుట్టింటివాళ్ళు ఖరగ్‌పూర్‌లో చేయిస్తామన్నారు. పదిహేను రోజులు. వెళుతూ వెళుతూ గోడ దగ్గర ఆగాడు. "కాస్త కన్నేసి ఉంచండి బావూ. మేకలు రాకండా సూడండి, అంతే" అన్నాడు.

అంతే అన్నాడు. నేను అంతటితో ఆగలేదు.

మా దివాణం తోటలో గులాబీలుండేవి. నేను చూడలేదు, విన్నాను. మా తాతగారు పొద్దున్నే చేతికర్ర పట్టుకుని తోటలో తిరిగేవారట. ఏ పాదులోనైనా ఒక్క గడ్డిపోచ కనబడితే తోటమాలిని అక్కడే నిలబెట్టి కడిగేసేవారట. ఆస్తి పోయినా ఇలాంటివి పోవు. గడ్డి గొంతు దాకా కమ్ముకున్న ఆ మొక్కని రోజూ గోడ మీంచి చూస్తుంటే నాకు ఒంటి మీద తేళ్ళు పాకినట్టుండేది. చూపు ఆనక ముసలివాడు వదిలేశాడనుకున్నాను. నేను ఎవరి పెరట్లోనూ వంగి పనిచేసినవాణ్ణి కాను. అది పూశాక ఒక రోజు గోడ దాటి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, మొక్క చుట్టూ బారెడు మేర ఒక్కొక్క గడ్డిపోచా వేళ్ళతో సహా పీకి, చక్కగా పాదు కట్టి, చెంబుతో నీళ్ళు పోశాను. చేతులు కోసుకుపోయాయి. ఉపకారం చేశానని లోపల గర్వంగా కూడా ఉంది.

మూడో రోజుకి పువ్వులు వాలాయి. మళ్ళీ నీళ్ళు పోశాను. ఆరో రోజుకి కాడ నల్లబడింది.

అతను కంటికి నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చాడు. నేనే ఎదురెళ్ళి చెప్పాను, ఏదో తెగులు తగిలిందని. విన్నట్టు లేదు. శుభ్రంగా ఉన్న పాదు చూశాడు. పక్కన ఎండిన గడ్డికుప్ప చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చచ్చిన మొక్కని వేళ్ళు తెగకుండా తవ్వి తీసి, నీళ్ళలో కడిగి, అద్దాలు నుదుటి మీదికి తోసి, ఎండలో పట్టుకుని చూశాడు. డాక్టరు ఎండ చూడొద్దన్నాడని కోడలు లోపల్నించి హిందీలో కేకలు వేస్తోంది. ఆ వేళ్ళకి ఆవగింజల్లాంటి బుడిపెలున్నాయి. ప్రతి బుడిపెకీ తెగిన గడ్డివేరు ముక్క అతుక్కుని ఉంది.

ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టాడు. పడీ పడీ నవ్వాడు.

"బావూ! ఇది గడ్డిని పట్టుకుని తాగుతాది! సొంతంగా నేల్లోంచి తాగనేదు! అందుకే కుండీల్లో సచ్చిపోనాయి. గడ్డి కావాల దీనికి, గడ్డి! మూడేళ్ళు నాను గడ్డి పీకి పీకి సంపినాను, ఇప్పుడు మీరు పీకినారు!"

అతను ఆ వేరుని నా ముఖం ముందు ఊపుతూనే ఉన్నాడు.

"సూడండి, పైకేమో ఎంత టీవిగా నిలబడ్డాది! వంగనే వంగదు. కిందనేమో గడ్డి పీల్చి బతుకుతన్నాది. అచ్చం మీ దివాణవే బావూ! పైన మీరు, కిందన మా గడ్డి. గడ్డి పీకీసినారు, దివాణం పడిపోనాది!"

"నోరు మూసుకో. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలకేటి? మా అయ్య కోసిన గడ్డి కదా! నాకు తెలకపోతే ఇంకెవులికి తెలుత్తాది?"

ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. నేను గోడ దాటి ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

అతను నవ్వింది మూడేళ్ళుగా దొరకనిది దొరికిన సంతోషానికని ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజు నాకు వినబడింది దివాణం అన్న మాట ఒక్కటే. ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను. తప్పు కాదు గనకే అంత కోపం వచ్చింది. మా వాళ్ళు ఏం తిని బతికారో నాకు తెలియదా? తెలిసినదాన్ని గడ్డి కోసినవాడి కొడుకు వీధిలో నిలబడి నవ్వుతూ చెప్పాలా?

తరవాతి వానలకి అతను పెరడంతా గడ్డి పెంచాడు. మొత్తం. అడుగు పెట్టే జాగా లేకుండా. ఆ గడ్డిలో విత్తనం చల్లాడు. పాములొస్తాయని వీధి గోల పెట్టింది. "పామొత్తే నాను పట్టుకుంటాను, ఆటికాడికి మీరు రాకండి" అని వాళ్ళతో దెబ్బలాడాడు. భాద్రపదంలో గడ్డి మధ్య పది మొక్కలు పూశాయి. ఆ మరుసటి ఏడు లెక్కపెట్టడానికి వీలు లేనన్ని. మా వంటగది కిటికీ రెక్క సగం మూసి, ఆ సందులోంచి చూశాను. బాహాటంగా చూడలేదు.

మా ఆవిడ మాత్రం వెళ్ళి చూసొచ్చేది. "ఆయన అందరికీ మీ పేరే చెబుతున్నాడండీ. గడ్డి రహస్యం మా బావు వల్లే తెలిసిందంటున్నాడు" అని ఒకసారి చెప్పింది.

"నా ఊసెత్తొద్దని చెప్పు."

"మీరే చెప్పండి. గోడ అవతలే ఉన్నాడుగా."

మొదటి ఏడు పూసిన రోజుల్లో పొద్దున్నే గోడ మీద రెండు దెబ్బలు వినబడేవి. వేలి కణుపుతో. ఒకసారి కొట్టి ఆగేవాడు. చెవి పెట్టి ఉంటాడు. నేను కుర్చీలో కదలకుండా కూర్చునేవాణ్ణి. నేను లోపలే ఉన్నానని అతనికి తెలుసు, అతనికి తెలుసని నాకు తెలుసు. పదీ పన్నెండు రోజులు అలా కొట్టాడు. తరవాత మానేశాడు. క్షమించమని ఒక్క మాట నోరు తెరిచి అంటే వెళ్ళేవాణ్ణేమో. అతను అనడు. ఎందుకనాలి?

ఏళ్ళ తరబడి వాయిదా పడ్డాక, పోయిన కార్తీకంలో లైను పక్కన మట్టి పోశారు. ఆ చోటు గట్టు కిందికి పోయింది. మా ఆవిడే చెప్పింది. ఇక ఆ పువ్వు అతనికి తెలిసినంతలో ఆ పెరట్లోనే ఉంది.

మాఘంలో అతను పోయాడు. కుళాయి కింద బకెట్ పెట్టి నిలబడ్డవాడు, అది నిండేలోగా కూలబడ్డాడు. వీధివాళ్ళతో పాటు నేనూ ఘాట్ దాకా వెళ్ళాను. చావుకి వెళ్ళకపోవడం మా ఇంట లేదు. పాడె మాత్రం పట్టలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం కొడుకు వచ్చాడు. ఏదో కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. నేను తెలుగులో అడిగితే హిందీ కలిపి చెబుతాడు, అయినా మంచి మర్యాద తెలిసినవాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"చాచా, ఆంగన్ కా పూఛ్‌నా థా. పెద్దకర్మకి పెరట్లో షామియానా వెయ్యాలి. గడ్డి తీసే ముందు మిమ్మల్ని అడగమని పాపా ఎప్పుడూ చెప్పేవారు."

నేను చదువుతున్న పేపరు మడిచాను. రెండేళ్ళు మాట్లాడనివాడు, చచ్చాక కొడుకు చేత కబురు పంపిస్తాడా అనుకున్నాను.

"మీ పెరడు, మీ ఇష్టం. నాకేం సంబంధం?"

"తో సాఫ్ కరవా దూఁ? గడ్డి తీయించి సిమెంటు కూడా చేయించేస్తాను."

"చెప్పాను కదా, నాకు సంబంధం లేదని."

అతను నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా వాకిట్లోనే కూర్చున్నాను. గోడ అవతల ఇంకా ఏ చప్పుడూ లేదు. లేచి నాలుగడుగులు వేసి, గోడ మీంచి ఒక్క మాట, వద్దు అని చెబితే చాలు. లేవలేదు. తెల్లారి కూడా టైముంది. తలుపు తీస్తుంటే కొడుకు ఎదురుపడి తల వంచాడు కూడా. నేను సంచి తీసుకుని బియ్యం కొనడానికి జుగ్సలాయి వెళ్ళిపోయాను. మా సందు చివర కొట్లో దొరికే బియ్యం కోసం జుగ్సలాయి దాకా వెళ్ళాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెరడు బోసిగా ఉంది. జానెడు లోతున చెక్కేశారు. కంకర పరిచి, పైన సిమెంటు పోసి, ఒక మేస్త్రీ బద్దతో సాపు చేస్తున్నాడు. ఎదురింటావిడ నన్ను చూసి, "ఇప్పుడు సుబ్బరంగా ఉన్నాది కదండీ బాబుగారూ! ఇన్నాళ్ళూ అడివిలాగుండీది" అంది.

బియ్యం సంచి రోడ్డు మీదే వదిలేశాను.

"ఏం చేశావురా?" అని అరిచాను. వీధిలో అరవడం నా జన్మలో అదే మొదలు.

కొడుకు బిత్తరపోయాడు. "ఆప్‌నే హీ తో బోలా, చాచా. మీరే కదా సంబంధం లేదన్నారు."

"మీ నాన్న నీకు చెప్పలేదా, గడ్డి పీకితే ఏమవుతుందో?"

"చెప్పలేదు. మిమ్మల్ని అడగమన్నారు, అంతే." అని, ఆగి, తండ్రి మాటని తండ్రి భాషలోనే, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు: "'గడ్డి పీకితే ఏటవుతాదో ఈ ఈదిలో ఆ బావుకొక్కడికే తెలుసు. ఆయనొద్దంటే ఒద్దు.' పాపా యహీ బోలే థే. ఆప్‌నే మనా హీ నహీఁ కియా."

మీరు వద్దనలేదు కదా అంటున్నాడు. అవును, అనలేదు.

మేస్త్రీ వద్దు వద్దంటుండగా తడి సిమెంటులోకి నడిచాను. మూల కాలవ పక్కకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో తవ్వాను. సిమెంటు కింద కంకర, కంకర కింద ఇసక. మట్టి లేదు. నశ్యంపొడి లాంటి ఆ విత్తనాలు రాలిన పైమట్టి, గడ్డి వేళ్ళతో సహా పొద్దున్నే ట్రాక్టరు ఎక్కి పోయింది.

"మట్టి ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"మాంగో వంతెన అవతల ఎక్కడో పల్లం ప్లాట్లలో పోస్తారు, చాచా. ఎక్కడో నాకు తెలీదు. డ్రైవరుకి కూడా గుర్తుంటుందో లేదో."

గుర్తులేదు. నాలుగు చోట్ల పోశానన్నాడు డ్రైవరు, ఆ రోజు తోలిన మట్టిలో ఏది ఎవరి పెరటిదో నాకేం తెలుసన్నాడు. నా వాలకం చూసి నవ్వాడు కూడా.

ఇది రాస్తున్నది జ్యేష్ఠంలో. అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఆటో ఎక్కి వంతెన దాటుతున్నాను. ఇల్లు కట్టని ప్లాటు, అందులో పోసిన మట్టికుప్ప, దాని మీద గడ్డి కనబడితే దిగుతున్నాను. అది ఆ పెరటి మట్టో, కాదో నాకు తెలియదు. పువ్వు తప్ప ఆ మొక్క మొలకలో ఎలా ఉంటుందో దగ్గరగా చూసింది లేదు. చూడమని గోడ కొట్టినప్పుడు చూడలేదు. భాద్రపదం దాకా ఏదీ తేలదు. ఈలోగా ఎవరు ఏ ప్లాటు చదును చేస్తారో, ఎవరు పునాది తీస్తారో చెప్పలేను.

నిన్న ఒక ప్లాటు యజమాని, బీహారాయన, కుర్చీ వేసుకుని కూలీల చేత గడ్డి చెక్కిస్తున్నాడు. నాకొచ్చిన హిందీలో, మూడు నెలలు ఆ మూల వదిలెయ్యండి అన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. గడ్డిని పట్టుకుని బతికే పువ్వు ఒకటి ఉండొచ్చన్నాను. ఉండొచ్చా అన్నాడు. ఉండొచ్చన్నాను. ఆ పువ్వు మీదా అని అడిగాడు.

కాదన్నాను. చేతులు జోడించి మళ్ళీ అడిగాను.